వేరే బ్రౌజర్‌లో తెరుచుకున్న జవాబు

అక్కకి,

నీ పొట్టి రాస్తున్నది. ఫోనులో నోరు రాక, మెయిల్‌లో పెట్టడానికి ధైర్యం చాలక కాగితం తీసుకున్నాను. మీ ఇంట్లో మెయిల్ వస్తే బావ చదువుతాడు, నీ పెద్దకూతురు చదువుతుంది, ఆ తర్వాత నీకు చదివి వినిపిస్తారు. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదువు. డయాలసిస్ కుర్చీలో కూర్చుని చదవకు. ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని చదువు.

మూడు వారాల క్రితం, సోమవారం మధ్యాహ్నం నీకు ఫోన్ చేసి, "అక్కా, నాది కుదరదట" అన్నాను. "పోనీలే, నీ తప్పా" అన్నావు నువ్వు. నీ వెనక టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని కట్టేశారు. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తు లేదు.

ఆ మాట నిజం కాదక్కా. నా కిడ్నీ నీకు సరిపోతుంది. పరీక్షలన్నీ కుదిరాయి.

ఇక్కడిదాకా చదివి కాగితం విసిరేయకు. ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. అదే నిజమనుకుని చెప్పాను. కానీ నేను తప్పు చేయలేదని చెప్పడానికి రాయడం లేదు. చేశాను. ఎక్కడ చేశానో నీకు తెలియాలంటే కాస్త కంప్యూటర్ గొడవ వినాలి. విసుక్కోకు. కారు నేర్పేటప్పుడు గేర్ల గురించి నువ్వు ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పి ఉంటావో, అంత ఓపిక తెచ్చుకో.

నా పని నీకు తెలుసు. పాఠ్యపుస్తకాల ఆఫీసు వాళ్ళు పేజీలు పంపుతారు, నేను ఇంట్లో కూర్చుని తప్పులు దిద్దుతాను. పేజీలు మెయిల్‌లో లింకుగా వస్తాయి. ఆ మెయిల్ ప్రోగ్రాం మా ముందుగదిలో ఉన్న కంప్యూటర్‌లోనే ఉంటుంది, నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. ఇంటర్నెట్ చూసే బ్రౌజర్లు మాత్రం రెండున్నాయి. ఒకటి నాది. నా పాస్‌వర్డులన్నీ అందులోనే. రెండోది మా ఆయనది. ఆయన పనిచేసే లిఫ్టుల కంపెనీ వాళ్ళు ఏ బిల్డింగులో ఏ లిఫ్టు ఆగిందో అందులోనే చూసుకోమన్నారట. నేను ఏనాడూ దాని జోలికి పోలేదు, ఆయనా నాదాని జోలికి రాలేదు. ఒకే బల్ల మీద రెండు కాపురాలు.

రెండు నెలల క్రితం నుంచి, మెయిల్‌లో ఏ లింకు నొక్కినా ఆయన బ్రౌజర్‌లో తెరుచుకోవడం మొదలైంది. తెరిచినప్పుడల్లా "నన్నే అన్నిటికీ వాడుకుంటారా?" అని అది అడుగుతుందట. దాని నస వదిలించుకోవడానికి ఈయన ఒకరోజు "సరే" నొక్కారట. అక్కడ నా పాస్‌వర్డులు ఉండవు. ప్రతిసారీ లింకును కాపీ చేసుకుని నాదాంట్లో అతికించుకునేదాన్ని. బాగుచేయించాలి, బాగుచేయించాలి అనుకుంటూ అలాగే నెట్టుకొచ్చాను.

ఇంతలో నీ సంగతి వచ్చింది. నేను పరీక్షలకు వెళ్ళాను. అక్కడ దాతలతో మాట్లాడే ఆవిడ తలుపు మూసి, నాకు మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పింది. "ఫలితం మీకొక్కరికే పంపుతాం. మీ అక్కగారికి చెప్పం, మీవారికీ చెప్పం. కుదిరినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు. ఇవ్వాలనుకుంటే ఆరు వారాల్లోగా మీరే మాకు ఫోన్ చేయండి. మేం చేయం. మీరు చేయకపోతే, పేషెంటుకి 'కుదరలేదు' అని ఒక్కమాట చెప్పి ఊరుకుంటాం. ఎందుకు కుదరలేదో ఎవరికీ చెప్పం." ఎంత మర్యాద తెలిసిన మనుషులో అనుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ సోమవారం ఆసుపత్రి నుంచి మెయిల్ వచ్చింది. 'మీ ఫలితం సిద్ధంగా ఉంది, ఇక్కడ నొక్కి చూసుకోండి' అని. నొక్కాను. మామూలుగానే ఆయన బ్రౌజర్ తెరుచుకుంది. కాపీ చేసి నాదాంట్లోకి తీసుకెళ్ళాలన్న ధ్యాసే లేదు. విచిత్రంగా పాస్‌వర్డు కూడా అడగలేదు. నేరుగా పేజీ వచ్చేసింది. పైన పేరు లేదు, దాత నంబరు అని చిన్న అంకెలున్నాయి. వాళ్ళు పేర్లు వేయరట. కింద పెద్ద అక్షరాలతో, 'దాతగా ముందుకు వెళ్ళడం కుదరదు. కారణం: రక్తంలో చక్కెర.'

నా నంబరున్న చీటీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. బ్యాగు నా కుర్చీకే తగిలించి ఉంది. తీసి పోల్చి చూడలేదు. రోజంతా ఒక అంకె తప్పుందా, ఒక ఒత్తు పోయిందా అని వెతకడమే పని అయినదాన్ని, ఆ ఒక్క పేజీని మాత్రం దిద్దకుండా వదిలేశాను. ఎందుకో తెలుసా? ఆ పేజీలో నాకు కావలసిన మాటే ఉంది.

అదక్కా నా తప్పు. అది చదవగానే నా గుండె బరువు దిగిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. 'హమ్మయ్య' అని వచ్చింది నోటి నుంచి, పైకే వచ్చింది. నా గొంతు నాకే వినపడి అదిరిపడ్డాను. చేతులు కడుక్కుని వచ్చి నీకు ఫోన్ చేశాను.

ఆ రోజునుంచి నాకు షుగరు అంచున ఉందనుకుని టీలో చక్కెర మానేశాను. మా ఆయనకి చెబితే, "సరే, నాకూ మానెయ్. ఇద్దరం కలిసే తాగుదాం" అన్నారు. ఈ ఒక్కదాంట్లోనైనా తోడొచ్చారనుకున్నాను. మూడు వారాలు మొహాలు చిట్లించుకుంటూ ఆ కషాయం తాగాం.

పోయిన గురువారం పొద్దున, పేజీల లింకు మళ్ళీ అక్కడే తెరుచుకునేసరికి విసుగెత్తి ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ కంప్యూటర్లు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఎంత చిన్న సంగతి అడిగినా నవ్వరు.

"లింకు నొక్కితే ఎవరి దాంట్లో తెరుచుకుంటోందమ్మా?"

"మావారి దాంట్లో."

"మీ మెయిల్ ప్రోగ్రాం తప్పేం లేదు. పాపం దానికి సొంత బుర్ర లేదు. మీరు లింకు నొక్కగానే, ఈ ఇంట్లో బ్రౌజర్ ఎవరు అని కంప్యూటర్‌ని అడుగుతుంది. అది ఎవరిని చూపిస్తే వాళ్ళ చేతిలో పెట్టేస్తుంది. ఆ పేరు మార్చాలి మనం. సెట్టింగ్స్ తెరవండి. యాప్స్ అని ఉందా? అందులో డిఫాల్ట్ యాప్స్. వెబ్ బ్రౌజర్ దగ్గర ఎవరున్నారు?"

"మావారిదే ఉంది."

"దాని మీద నొక్కి మీది ఎంచుకోండి. పాతదాన్నే ఉంచుకోండి అని బతిమాలుతుంది, మొహమాటపడకండి. అయిందా? మెయిల్ ప్రోగ్రాం ఒకసారి మూసేసి తెరవండి. ఇప్పుడు ఏదో ఒక పాత మెయిల్ తీసి, లింకు నొక్కి చూడండి."

ఆసుపత్రి మెయిల్‌కి నేను చుక్క గుర్తు పెట్టుకున్నాను. అన్నిటికంటే పైన అదే ఉంది. చేతికి అందింది గనక దాన్నే నొక్కాను. నా బ్రౌజర్ తెరుచుకుంది. ఈసారి పాస్‌వర్డు అడిగింది. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు. కొట్టాను. పేజీ వచ్చింది.

'దాతగా ముందుకు వెళ్ళవచ్చు. అన్ని పరీక్షలూ సరిపోయాయి.'

మళ్ళీ చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. మొదటిసారి బ్యాగులోంచి చీటీ తీసి నంబరు పక్కన పెట్టి చూశాను. ఆ నంబరు నాదే.

"తెరుచుకుందా అమ్మా?" అంటున్నారాయన ఫోనులో.

"తెరుచుకుంది."

"మీ దాంట్లోనేనా?"

"నా దాంట్లోనే."

"చూశారా, రెండు నిమిషాల పని. ఇన్నాళ్ళూ ఊరికే అవస్థపడ్డారు" అని ఫోన్ పెట్టేశారు.

కుర్చీలోంచి లేవలేకపోయాను. బయట ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్తున్న చప్పుడు. దాన్నే వింటూ కూర్చున్నాను. నేను కుదురుతాను, నీకు కుదరనని చెప్పేశాను, నువ్వు నమ్మావు, ఆసుపత్రి వాళ్ళు ఎవరికీ చెప్పరు. ఇంకో మూడు వారాలు నేను నోరు మూసుకుని ఉంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికే చెయ్యి రావడం లేదు. ఆ మధ్యాహ్నం నేను మళ్ళీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. పెద్దాయన చెప్పినట్టే, అదే దారిలో వెళ్ళి, తిరిగి మా ఆయన బ్రౌజర్‌నే పెట్టాను. నేను చూడనట్టు, నొక్కనట్టు, ఏమీ జరగనట్టు. మెయిల్ ప్రోగ్రాం మూసి తెరిచాను. ఆసుపత్రి లింకు మళ్ళీ నొక్కాను. ఆ పాత పేజీ, 'కుదరదు' అన్న ఆ పేజీ ఇంకొక్కసారి కళ్ళతో చూడాలని. నేనేనా ఇలా చేసింది అని ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

ఆ పేజీ రాలేదు. ఈసారి అక్కడా పాస్‌వర్డు అడిగింది. కానీ పైన పేరు రాయాల్సిన గడిలో, బ్రౌజర్ తనకు అలవాటైన మెయిల్ అడ్రసు ముందే నింపి పెట్టింది. మా ఆయన అడ్రసు.

అర్థమైందా అక్కా? నేను చూసింది ఆయన ఫలితం. నీకు కిడ్నీ ఇవ్వడానికి మా ఆయన వెళ్ళారు. నాకు చెప్పకుండా వెళ్ళారు. పరీక్షలకు వెళ్తానని నేను అన్న రోజు, తింటున్న పళ్ళెం ముందునుంచి లేచి, "నీ ఇష్టం" అని చెయ్యి కడుక్కున్న మనిషి. ఆ ఒక్క మాటకి అప్పటినుంచీ ఆయన్ని రాయి అనుకుంటున్నాను.

నాలుగు రోజులైంది. ఆయన్ని ఇంకా ఏమీ అడగలేదు. నీకు రాసేశాక అడుగుతాను. నీకు ముందు రాస్తే ఇక వెనక్కి తీసుకోవడానికి ఉండదు. అందుకే ఇప్పుడే వెళ్ళి పోస్టులో వేసి వస్తాను, చెప్పులు వేసుకునే కూర్చున్నాను.

పొట్టి


అక్కా,

మొదటి ఉత్తరం నీకు చేరిందో లేదో తెలియదు. జవాబు కోసం ఆగలేక ఇది రాస్తున్నాను.

నిన్న ఆదివారం. పొద్దున టీ ఇచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని అడిగాను.

"మీరు ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళారు?"

కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఏ ఆసుపత్రి అని అడగలేదు. "నీకంటే పది రోజుల ముందు" అన్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"కుదిరితే చెబుదామనుకున్నా. కుదరలేదు. కుదరనిదాని గురించి చెప్పుకుని ఏం చేస్తాం?" "నీకెలా తెలిసింది?" అన్నారు.

లింకు సంగతి చెప్పాను. ఆ సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు తన ఫలితం ఇంకోసారి చూసుకున్నారట, ఏమైనా మారిందేమోనని. పేజీ మూయకుండా, బయటికి రాకుండా వెళ్ళిపోయారు. నేను నొక్కేసరికి ఆ తలుపు తీసే ఉంది.

"అయితే షుగరు నాకు కాదు, మీకు" అన్నాను.

"అంచున ఉందంటే అంచునే ఉంది. పెద్ద సంగతేం కాదు. నువ్వు చక్కెర మానేస్తానన్నావు, నాకూ కలిసొచ్చింది. నీకూ అదే వచ్చిందనుకున్నా. అనుమానం వచ్చినా అడగలేదు. అడిగితే నాది బయటపడుతుందిగా."

నవ్వాలో తిట్టాలో తెలియలేదక్కా. ఆయన ఒక్కరి ఫలితం పట్టుకుని ఇద్దరం ఆ కషాయం తాగాం ఇన్నాళ్ళూ.

"అక్క కోసం మీరెందుకు వెళ్ళారు? మీకూ తనకీ పండగలకీ పబ్బాలకీ నాలుగు మాటలైనా లేవే" అన్నాను.

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు. "వదిన కోసం కాదు. ఆవిడకి కావాలి, ఇచ్చేది నువ్వో నేనో. నీ పొట్టమీద ఒకసారి కత్తి పడింది. ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట నిలబడింది నేను. లోపలినుంచి ఏ ఏడుపూ వినబడలేదు. ఇంకోసారి అక్కడ నిలబడలేననుకున్నా. నేను లోపలుంటే నువ్వు బయట ఉంటావు, నీకు నాకంటే ధైర్యమెక్కువ."

ఎనిమిదేళ్ళలో ఆ బిడ్డ గురించి ఆయన నోరు తెరవడం ఇదే మొదటిసారి. ఏడో నెలలో ఆపరేషన్ చేసి తీసి, బతకలేదని చెప్పినప్పుడు కూడా, "ఇంటికెళ్దాం పద" అన్నారంతే. ఇంతకాలం ఆయనకేమీ పట్టలేదనుకున్నాను. పక్కింటివాళ్ళు బెల్లు కొట్టినా లేవలేదు.

నావి కుదిరాయని అప్పుడు చెప్పాను. సెట్టింగు వెనక్కి మార్చిన సంగతి కూడా దాచలేదు. ఆయన తిట్టలేదు. "ఇప్పుడేం చేస్తావ్?" అన్నారు.

"మీరేమంటారు?"

"నా భయం నీకు చెప్పాను. దాన్ని చూసి ఆగకు. ఇస్తే బయట నిలబడతా. కాళ్ళు వణికినా నిలబడతా."

అక్కా, నిజంగా నన్ను ఆపింది కత్తి కాదు. దాన్ని కూడా ఈ ఉత్తరంలో వదిలించుకుంటాను. ఆ బిడ్డ పోయినప్పుడు నువ్వు రాలేదు. ఐదు గంటల బస్సు ప్రయాణం. నువ్వు రాలేదు. పదకొండో రోజు ఫోన్ చేసి, "ఇల్లు మారాం, సామాన్లు సర్దుకోవడంతోనే సరిపోయింది" అన్నావు. నేను "సరేలే" అన్నాను. ఆ తర్వాత వచ్చావు, వెళ్ళావు, అంతా మామూలే. కానీ నేను లోపల తలుపు వేసేసుకున్నాను. 'కుదరదు' అన్న పేజీ చూసి హమ్మయ్య అనుకున్నప్పుడు, ఆ హమ్మయ్యలో సగం భయం, సగం కసి. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అది ఉన్నమాట.

ఇంకొకటి. కిడ్నీ కావాలని నువ్వు నన్ను అడగనేలేదు. బావ ఫోన్ చేశాడు. పెద్దది ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ కోసం పరీక్ష చేయించుకుంటావా" అంది. నువ్వు మాత్రం పక్కగదిలో ఉండి కూడా ఫోన్ అందుకోలేదు. చిన్నప్పటినుంచీ మంచినీళ్ళు కూడా అడగవు నువ్వు, లేచి తెచ్చుకుంటావు. ఇది లేచి తెచ్చుకునేది కాదక్కా.

నన్నడుగు. బావ చేత కాదు, పిల్లల చేత కాదు. నువ్వు అడుగు. వద్దనుకుంటే వద్దనే రాయి. ఆరు వారాలు నిండడానికి ఇంకా రెండు వారాలుంది.

పొట్టి


పొట్టీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ఏది ముందో తెలియక రెండోది ముందు విప్పాను, ఏమీ అర్థం కాలేదు. తర్వాత మొదటిది చదివాను. మళ్ళీ రెండోది చదివాను. నా ముఖం చూసి మీ బావ, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదు, మన పొట్టి రాసింది" అన్నాను. ఏం రాసిందో చెప్పలేదు. నాలుగు రోజులైంది, ఇంకా చెప్పలేదు.

మంచిదాన్నని అనిపించుకోవడానికి రాయడం లేదు, విను. నువ్వు సెట్టింగు వెనక్కి మార్చానని రాసిన చోట నిన్ను చాచి కొట్టాలనిపించింది. ఎదురుగా ఉంటే కొట్టేదాన్నే. ఇంకో సంగతి. ఆ సోమవారం నువ్వు ఫోన్ చేసి కుదరదు అన్నప్పుడే నీ గొంతులో తేలిక నాకు వినబడింది. ఇరవై ఏళ్ళుగా కారు నేర్పుతున్నాను. పక్క సీట్లో కూర్చున్న మనిషి పరీక్ష వాయిదా పడిందని తెలిసి ఊపిరి ఎలా వదులుతుందో నాకు తెలుసు. అదే ఊపిరి. ఫోన్ పెట్టేసి, మీ బావతో, "అది బతికిపోయింది" అన్నాను. రెండు రోజులు నీ మీద మంటతో అన్నం తినలేదు. మూడోరోజు, నీ స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో ఆలోచించాను. ఆలోచన మధ్యలోనే ఆపేశాను.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతికి వస్తాను. ఇల్లు మారడం అబద్ధం కాదు. కానీ అందుకు రాకపోలేదు. అప్పుడు నాకు మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకు అలా అయిందని ఫోన్ వచ్చినప్పుడు బట్టలు సర్దుకున్నాను, బస్సు స్టాండుదాకా వచ్చాను. టికెట్ కూడా తీసుకున్నాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టాక భయమేసింది. నిన్ను చూసి తట్టుకోలేననే భయం కాదు. నీ గదిలోకి వస్తే నీకు జరిగింది నాకూ జరుగుతుందేమోనని. నీ దగ్గరికి వస్తే అది నాకు అంటుకుంటుందని భయపడ్డాను. నువ్వు నా చెల్లెలివి, నేను ఎత్తుకుని పెంచినదానివి. నిన్ను చూసి నేను అలా భయపడ్డాను. ఆ మెట్టు దిగి ఇంటికి వెళ్ళిపోయాను.

చిన్నది పుట్టాక నువ్వు వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నావు. ఆ రోజు చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు, నిన్ను చూసిన ప్రతిసారీ, ఈసారి చెప్పాలి అనుకుని చెప్పలేదు. నీ ముందు చెయ్యి చాచి నేను ఎలా అడుగుతానే? ఒక్క పూట వచ్చి నీ పక్కన కూర్చోలేనిదాన్ని, నీ ఒంట్లోది కావాలని ఏ మొహంతో అడగను? అందుకే ఫోన్ అందుకోలేదు. గర్వం అనుకున్నావు. అనుకోనిచ్చాను, సిగ్గు కంటే గర్వమే గౌరవంగా ఉంటుందని.

ఇక మరిదిగారి సంగతి. ఆ వాక్యం చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. మా ఇంటికి వస్తే బాగున్నారా అని అడిగి, పేపరు తీసుకుని కూర్చునే మనిషి. నా కూర బాగుందని ఆయన ఒక్కసారైనా అనలేదని నేను మీ బావ దగ్గర సణిగేదాన్ని. ఆయన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. ఎదురుపడినప్పుడు కూడా తెలియదేమో. షుగరు గురించి మాత్రం వెంటనే మంచి డాక్టరుకి చూపించమను. అంచున ఉందిలే అని నేనూ ఇలాగే అనుకుంటూ తిరిగాను, బీపీ గురించి.

నీకు వద్దని రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటి కాగితం మీద, 'నీకింకా జీవితం ఉంది, నా గురించి ఆలోచించకు' అని రాశాను. అది చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. చింపేశాను. రెండోది కూడా అంతే. మూడోది రాస్తుండగా డయాలసిస్‌కి టైమయింది, వెళ్ళాను.

అక్కడ నా పక్క కుర్చీలో ఒకావిడ ఉండేది, బడిలో లెక్కలు చెప్పే టీచరు. ఏడాదిగా వారానికి మూడు రోజులు, నాలుగు గంటల చొప్పున పక్కపక్కన కూర్చున్నాం. కోడలి మీద చాడీలు చెప్పేది, నవ్వించేది. ఆ రోజు ఆమె రాలేదు. ఆలస్యమైందేమో అనుకున్నాను. నర్సు వచ్చి ఆ కుర్చీని మందు నీళ్ళతో తుడిచింది. తుడిచిన తడి ఆరకముందే వేరే మనిషిని తెచ్చి కూర్చోబెట్టింది. "టీచరుగారేరీ?" అని అడిగితే, నర్సు నా ట్యూబు సరిచేస్తూ, నా వంక చూడకుండా, "నిన్న" అంది. అంతే, ఒక్క మాట.

నాలుగు గంటలు ఆ కొత్త మనిషి పక్కన కూర్చున్నాను. ఇంటికి వచ్చి మూడో కాగితం కూడా చింపేశాను.

పొట్టీ, నాకు చచ్చిపోవాలని లేదు. త్యాగాలు చేసే ఓపిక కూడా లేదు. చిన్నదానికి ఏడేళ్ళు. పెద్దదానికి ఇంకా కారు నేర్పలేదు, వాళ్ళ నాన్న నేర్పితే వంకరగా నేర్చుకుంటుంది. నాకు పొద్దున లేచి గ్లాసెడు నీళ్ళు కొలుచుకోకుండా గటగటా తాగాలని ఉంది. ఇంకా చాలా ఏళ్ళు బతకాలని ఉంది. నీతో పోట్లాడాలని ఉంది. ఇప్పటిదాకా మనం పోట్లాడుకోనేలేదు, అంతా సరేలే సరేలే అనుకుంటూ గడిపేశాం.

ఇస్తే నీకు నొప్పి ఉంటుంది. మచ్చ ఉంటుంది. రేపు నీ ఆరోగ్యానికి ఏమైనా అయితే నన్ను తిట్టుకుంటావు, ఆ హక్కు నీకుంటుంది. నేను తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఇవన్నీ తెలిసే రాస్తున్నాను. మీ బావ ఇంట్లో లేడు, పిల్లలు బడికి వెళ్ళారు. నన్ను ఎవరూ అడగమనలేదు.

ఆరు వారాలు నిండడానికి ఇంకో ఆరు రోజులే ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేయాల్సింది నువ్వే, నేను చేసినా వాళ్ళు వినరు.

నాకు నీ కిడ్నీ కావాలే. ఇవ్వు.

అక్క